పొణికి పెట్టెలో పావుకిలో

కాంటా ముల్లు మళ్ళీ పెట్టె వైపుకే ఒరిగింది.

"ఇంకొక్కసారి జోకు అంబదాసూ," అన్నది అనసూర్య.

"మూడుసార్లు జోకిన వదినె. నాలుగోసారికి సిగ్గుపడి తగ్గుతదా?"

అంటూనే ఆమె మరిది పెట్టెను దించాడు. దూలానికి వేలాడుతున్న పళ్ళేన్ని చేత్తో నిలిపి, పెట్టెను మళ్ళీ ఎక్కించాడు. రెండో పళ్ళెంలో ఇరవై కిలోల రాళ్లు. ముల్లు వణికింది, ఆగింది, పెట్టె వైపుకు వాలింది.

అంబదాస్ పావుకిలో రాయి ఒకటి తీసి రాళ్ల మీద వేశాడు. అప్పుడు నిలబడింది.

"పావుకిలో ఎక్కువ," అన్నాడు. "నేను ఆసిఫాబాద్ల ఉన్నప్పుడు అన్న సోను రేవుకు పోయి చాపలు తెచ్చిండట. నాకు ముల్లు గూడ మిగల్చలే. పులుసంత పెట్టెకు పోసిండ్రా ఏంది?"

ఎవరూ నవ్వలేదు.

నిన్న పొద్దుగూకక ముందు ఇదే కాంటా, ఇవే రాళ్లు, ఇదే పెట్టె. ముల్లు గీత గీసినట్టు నడిమధ్యన నిలిచింది. అనసూర్య పెట్టెకు తాళం వేసి, చెవిని నడుముకున్న దారానికి కట్టుకున్నది. దూది దుకాణం వాళ్ల కాంటా వాళ్లకు పంపే ముందు, ఎందుకైనా మంచిదని, పొద్దున ఇంకోసారి తూయించింది.

తాళం వేసిన పెట్టె తనంతట తాను బరువెక్కదు. ఎవరో తెరిచారు. ఏదో పెట్టారు.

పది గంటలకు ఆమెను పట్నం తీసుకెళ్ళే జీపు వస్తుంది. ఇప్పటికే ఎనిమిది దాటింది.

జర్మనీ అనే మాట ఈ ఇంట్లోకి వచ్చి నెలన్నర. అక్కడ హస్తకళల ప్రదర్శనలో నలభై రోజులు కూర్చుని, వచ్చేపోయే వాళ్ల ఎదుట నిర్మల్ బొమ్మకు రంగు వేసి చూపాలి. సర్కారు కాగితంలో పేరు అనసూర్యది.

"జర్మన్ గిన్నెలు చేసే దేశమేనా?" అని అత్త శంకరవ్వ ఒక్కటే ప్రశ్న అడిగింది. "వచ్చేటప్పుడు నాకొక పెద్ద గంజు తే."

ఊరు నవ్విన నవ్వు వేరు. చెక్కేది మొగడు, పూసేది పెండ్లాం, ఇమానం మాత్రం పెండ్లానికే అన్నారు. ఆ మాట చెవిన పడిన రోజు నుంచి ఆమె భర్త లింగమూర్తి దగ్గర ఉలి చప్పుడే తప్ప గొంతు చప్పుడు వినిపించడం లేదు.

విమానంలో ఇరవై కిలోలకు మించి ఒక్క గింజ ఎక్కనివ్వరట. రంగులు, కుంచెలు, రంగు వేయని బొమ్మలు కలిపితేనే పదమూడు. ఇంట్లో ఉన్న ఇనుప పెట్టె ఖాళీగానే ఐదు తూగింది. అప్పుడు లింగమూర్తి పెదవి విప్పకుండా రెండు రోజులు కూర్చుని, పొణికి పలకలతో పెట్టె చేసి ఆమె ముందు పెట్టాడు. నిర్మల్ బొమ్మలన్నీ ఆ కర్రతోనే. ఆరిన పొణికి దూదికి తోబుట్టువు. పెట్టె రెండు కిలోలకు ఒక పిసరు తక్కువే తూగింది. ఆ రోజు అనసూర్య కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇవాళ ఆమె అదే పెట్టె అడుగు పలకను వేలి కణుపుతో తట్టి చూస్తోంది.

"ఏం చూస్తున్నవ్?" లింగమూర్తి అడిగాడు. పనిపీట మీద కూర్చుని ఉన్నాడు గానీ చేతిలో పనిలేదు. ఉతికిన ధోతి, కొత్త తువ్వాల, భుజానికి ఖాకీ సంచి. పట్నం దాకా పోయి భార్యను సాగనంపి రావాలని తెల్లవారుతూనే తయారయ్యాడు.

"అడుగు ఒకటున్నదా, రెండున్నయా అని."

"నేను చేసిన పెట్టెకు దొంగ అడుగు పెడతనా?"

"నువ్వు పెట్టినవని నేనన్ననా?"

"అనకుంటె తట్టుడెందుకు?"

"బరువెందుకు పెరిగిందో నువ్వు చెప్పు, తట్టుడు ఆపుత."

లింగమూర్తి ముఖం తిప్పుకున్నాడు. అడుగు ఒక్కటే. తట్టిన ప్రతిచోటా ఒకే చప్పుడు.

అనసూర్య చూపు మరిది మీదికి మళ్ళింది. వారం కింద అంబదాస్ ఆమె చుట్టూ పిల్లిలా తిరిగాడు. అతను గుమాస్తాగా పనిచేసే దుకాణం సేటుకు జర్మనీలో ఎవరో దోస్తు ఉన్నాడట. చిన్న పొట్లం, చేతిలో పట్టేంత, ఇచ్చి వస్తే చాలునట. లోపల ఏముందో చెప్పమంటే చెప్పలేదు. చెప్పని పొట్లం మొయ్యనని ఆమె తెగేసి చెప్పింది.

"మీ సేటు పొట్లం యాడున్నది అంబదాసూ?"

అతని చేతిలో రాయి అక్కడే ఆగింది. "అర్రె! నువ్వు వద్దన్న నాడే తిరిగి ఇచ్చిన. నా మీదికి వస్తున్నవా వదినె?"

"పెట్టె మీదికి వచ్చిన. నువ్వెందుకు ఉలుకుతున్నవ్?"

"ఉలకనా? ఇంటికొచ్చి దినం కాలేదు, దొంగను చేస్తున్నవు!"

"లొల్లి ఆపుండ్రి," అని వంటింటి గడపలోంచి శంకరవ్వ కసిరింది. "పయనం పొయ్యే పొద్దు ఇంట్ల కొట్లాట మంచిది గాదు. పావుకిలోకు ఏమైతది? గా కోటు తీసి పక్కకు పెట్టు, సరిపోతది."

"చలికి సచ్చిపోత అత్తా."

"గొంగడి పెట్టుకోమంటె విన్నవా?"

"నీ గొంగడి మూడు కిలోలు!"

"మూడు కిలోలు ఉంటది గనుకనే చలి ఆగుతది."

అనసూర్యకు నవ్వు రాబోయి ఆగిపోయింది. అత్త గొంతులో ఎప్పుడూ ఉండే కరుకు లేదు. సందు దొరికితే జారుకునే మనిషి గొంతులా ఉంది. కోటు తీసెయ్, మూత పెట్టెయ్, పో. అంత తొందరెందుకు?

నడుం దారం విప్పి తాళం తీసింది. చాప పరిచి, నిన్న తను సర్దిన వస్తువులన్నీ ఒక్కొక్కటే బయట పెట్టసాగింది.

రంగుల డబ్బాలు, కుంచెలు, రంగు వేయని బొమ్మలు. పల్చని నేత చీరలు రెండు. మూడోది ఒంటి మీద ఉంది. పెండ్లి పట్టుచీరను ఆమె మొదటి రోజే పక్కన పడేసింది. దాని జరీ ఒక్కటే రెండు కుంచెల డబ్బాలంత తూగింది. హస్తకళల ఆఫీసువాళ్లు అరువిచ్చిన ఉన్ని కోటు. గాజు సీసాలో పిడికెడు మామిడికాయ తొక్కు. "తొక్కు లేకుంటె నలభై దినాలు ఏం తింటవు, వాళ్ల మొకాలు చూసుకుంటనా?" అని శంకరవ్వ జాడీడు ఇవ్వబోతే, మూడు రోజుల పంచాయతీ తర్వాత సీసాకు దిగింది. దువ్వెన, కుంకుమ భరిణె, సబ్బు సగం ముక్క. సబ్బును కూడా కోసిందని అంబదాస్ వీధంతా చెప్పి నవ్వించాడు.

నగలు లేవు. మెడలో పుస్తెలు, చేతికి రెండు గాజులు, అంతే. బంగారం మీద సర్కారు కట్టడి పెట్టిన ఏడాది అది. బొంబాయిలో విమానం ఎక్కేచోట అడిగితే ఏం జవాబు చెప్పాలని ఆమె మిగతావన్నీ తీసి అత్తకిచ్చింది. ఆ దినం శంకరవ్వ అన్నం ముట్టలేదు.

చాప నిండింది. పెట్టెలో కొత్త వస్తువేదీ లేదు.

మూలన ఒక్క మూట మిగిలింది. పాత ఎర్ర చీర చింపుతో కట్టిన మూట.

అనసూర్య చెయ్యి ఆగింది. అంబదాస్ చూపు గోడ మీదికి పోయింది. లింగమూర్తి నేలను చూశాడు. అవి నెలలో మూడు రోజులు పక్కన కూర్చున్నప్పటి బట్టలు. ఆ మూట ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. దాని వంక చూడకూడదని కూడా తెలుసు. మగవాడి చెయ్యి పొరపాటున తగిలితే స్నానం చెయ్యాల్సిందే.

"అది... దాంట్ల ఏముంటది లే," అన్నాడు అంబదాస్ గోడతో.

కానీ అనసూర్య ముడిని చూసింది.

ఆమె దేనికైనా ఒక్క ముడే వేస్తుంది, లాగితే ఊడి వచ్చేలాగ. ఈ మూటకు రెండు ముళ్లున్నాయి. ఎలుకల భయానికి జొన్నల సంచికైనా, పసుపు పొట్లానికైనా రెండు ముళ్లు వేసే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే.

వెనుదిరిగి చూసింది. గడప దగ్గర శంకరవ్వ లేదు.

పొయ్యి ముందు కూర్చుని, మండుతున్న పుల్లనే మళ్ళీ మళ్ళీ ఎగదోస్తోంది అత్త. అనసూర్య మూట పట్టుకుని వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"పొద్దుగాల నాకు తలంటు ఎందుకు పోసినవ్ అత్తా?"

"పయనం పొయ్యే బిడ్డకు పొయ్యద్దా?"

"పదకొండేండ్లల ఒక్కనాడన్న పోసినవా?"

శంకరవ్వ పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

"నూనె అంటుతదని నడుం దారం నువ్వే ఇప్పినవ్. నేను కండ్లల్ల కుంకుడు రసం పడి మూసుకోని కూసున్న. తాళంచెవి నీ దగ్గర ఎంతసేపున్నది?"

"నా మీద అనుమానమా?"

"నీ ముడి మీద."

రెండు ముళ్లూ విప్పింది. పాత బట్టల మడతల నడుమ నుంచి ఒక మామిడికాయ దొర్లి ఆమె ఒడిలో పడింది.

పచ్చి కాయ. తొడిమ దగ్గర చిన్న ఎరుపు, పక్కన సొన కారిన మచ్చ. చిలుక వచ్చి ముక్కు విరగ్గొట్టుకునేంత నిజమైన కొయ్య కాయ. అనసూర్య దాన్ని వెలుగుకు తిప్పి చూసింది.

ఆ రంగు తనదే. తొడిమ కింది ఎరుపును ఊళ్లో అందరూ కుంచెతో వేస్తారు, తను ఒక్కతే బొటనవేలితో అద్దుతుంది. శనివారం నలభై కాయలకు ఒకే ఊపులో రంగు వేసింది. కాయలన్నీ పుల్లలకు గుచ్చి ఇసుక గంపలో నిలబెట్టి ఉంటాయి. చేత్తో ఒక్కదాన్నీ ఎత్తాల్సిన పనిలేదు. ఈ కాయ బరువు ఆమె చెయ్యి ఎరగదు.

ఈ ఇంట్లో ఏ బొమ్మా ఒక్క చేత తయారు కాదు. ఒకరు చెక్కుతారు, ఒకరు గరుకు మూసే లప్పం పూస్తారు, ఒకరు రంగు వేస్తారు. ఈ కాయ వెనక ఎన్ని చేతులున్నాయి? అందరికీ తెలిసి, తనకొక్కదానికే తెలియదా? బొంబాయిలో ఎవరైనా పట్టుకుని ఎవరు చేశారని అడిగితే, కనబడే గుర్తు తన బొటనవేలిదే.

"సేటు పొట్లం ఇందులనే ఉన్నదా? అంబదాసు నీతోని పెట్టిచ్చిండా?"

"చీ! వాడు ఇస్తె నేను పెడతనా?" శంకరవ్వ గొంతు ఒక్కసారిగా పగిలింది. "నా పుతలీలే అవి! నావి!"

అనసూర్య ఒడిలోని కాయను చూసింది.

శంకరవ్వ తల్లిగారు పెట్టిన పుతలీల పేరు, మెడలో వేసే దండ. నల్ల దారానికి గుచ్చిన ఇరవై ఒక్క బంగారు బిళ్లలు. పెండ్లినాడు ఒక్క పూట కోడలి మెడలో వేసి, పొద్దుగూకేసరికి తీసి దాచుకున్న పేరు. పదకొండేళ్లలో మళ్ళీ దాని ముఖం చూడనివ్వలేదు.

"మెడల బంగారం లేని ఆడదాన్ని పరాయి దేశంల మనిషి అనుకుంటరా బిడ్డా?" శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రోగమొస్తె? ఎల్లగొడితె? ఎవనికి చెప్పుకుంటవు, వాళ్ల మాట నీకొస్తదా? ఒక్క పుతలీ అమ్ముకుంటె ఇంటికి చేరుకుంటవు. చెప్పితె నువ్వు తీసుకపోవు. అన్నిటికీ బరువు, బరువు అంటవ్."

"బొంబాయిల పట్టుకుంటె?"

"గా మూటల ఏ మొగోడు చెయ్యి పెడతడే?"

అంత దుఃఖంలోనూ ముసలి కళ్ళలో ఒక మెరుపు మెరిసింది. ఇప్పటిదాకా దొంగగా చూసిన మనిషిని ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చూడాలి? అనసూర్య కాయను రెండు చేతుల్లోకి తీసుకుని గుండెకు ఆనించుకోబోయింది.

చేతులు సగంలో ఆగాయి.

పొణికి కాయకు బరువుండదు. మరి పుతలీలు?

"పేరు ఎన్ని తులాలు అత్తా?"

"ఏడు. మా అవ్వ నా కండ్ల ముందట జోకిచ్చింది."

ఏడు తులాలంటే కొత్త తూకంలో ఎనభై గ్రాములు. కాంటా మీద అంబదాస్ వేసింది పావుకిలో రాయి.

"ఇంకేం పెట్టినవ్ లోపల?"

"దూది. చిటికెడు పోచమ్మ బండారు పసుపు. గంతే."

"మతికి తెచ్చుకో. ఎవరెవరు ముట్టిండ్రు?"

"లింగడు కాయ తొలిచిచ్చిండు. బండారు దాచుటానికి అని చెప్పిన వానికి. బేస్తవారం నాడు పుతలీలు నేనే పెట్టి, బిరడా కొట్టి, లప్పం నేనే పూసిన. వరండల తక్కిన కాయల నడుమ ఆరబెట్టిన. నువ్వు రంగేసినంక తెచ్చి దాసిపెట్టుకున్న. బరువుగనే ఉండె. బంగారం గద అనుకున్న."

అనసూర్య కాయను తిరగేసి అడుగున గోటితో గీకింది. పైన రంగు. రంగు కింద చింతగింజల లప్పం, ఇంకా మెత్తగా, గోటికి అంటుకుంటోంది. దాని కింద మరో పొర, రాయిలా ఆరింది, అంచులు పగిలి ఉన్నాయి.

ఒక బిరడాకు రెండు లప్పాలు. అత్త మూసిన కాయను ఎవరో తెరిచి మళ్ళీ మూశారు. బేస్తవారానికీ శనివారానికీ నడుమ.

"వద్దు బిడ్డా, పలగ్గొట్టకు, మూసి పెట్టు..."

అనసూర్య అప్పటికే తలుపు తీసింది.

"ఉలి ఇయ్యి."

లింగమూర్తి తల ఎత్తాడు. భార్య చేతిలోని కాయను చూశాడు. సంచిని వెనక్కి నెట్టుకుని, పీట కింద నుంచి ఉలి తీసి ఇచ్చాడు. ఏమిటని అడగలేదు.

ఒక్క దెబ్బకు కాయ రెండు చెక్కలైంది. పసుపు అంటిన దూది, దాంతోపాటు ఐదు గుండ్లు నేల మీద పడి ఒక్కటి కూడా ఎగరకుండా పడ్డచోటే ఆగాయి. నల్లని గుండ్లు. ప్రతి గుండుకూ నడుమ బెజ్జం.

సీసం.

శంకరవ్వ వాటిని చూసింది. ముందు అర్థం కాలేదు. ఒకటి చేతిలోకి తీసుకుని కొంగుతో తుడిచింది, తుడిస్తే బంగారమవుతుందేమోనన్నట్టు. తర్వాత కేక వేసింది. ఆ కేకకు గోడ మీది పిట్టలు లేచిపోయాయి.

"నా పుతలీలు! నా అవ్వ పుతలీలు!"

"ఏం పుతలీలు? అవ్వా, నువ్వు పుతలీలు ఇందుల పెట్టినవా?" అంబదాస్ చాప మీది చీరలు తొక్కుకుంటూ వచ్చాడు. సంగతి ముక్కలు ముక్కలుగా తెలుసుకున్నాడు. తెలిసినకొద్దీ ముఖం ఎర్రబడింది. "ఇంత సేపు నన్ను దొంగను చేస్తివి గద వదినె! బేస్తవారం నుంచి నిన్న మాపటిదాక నేను ఆసిఫాబాద్ల ఉన్న, దుకాణం దుకాణమంత సాక్ష్యం. ఇగ చెప్పు. కాయకు రంగేసింది ఎవరు?"

"నేనే."

"ఆఖరు చెయ్యి ఎవరిది?"

"నాదే."

"విన్నవా అవ్వా?"

శంకరవ్వ ఏడుపు ఆగింది. కోడలి వైపు చూసింది. వంటింట్లో బిడ్డా అని పిలిచిన కళ్ళు కావవి.

"తేలిక తేలిక అనుకుంట సబ్బు గూడ కోసినవ్," అన్నది మెల్లగా. "నా మెడది గూడ తేలిక చేసినవా?"

"అత్తా! నేను తీసుకుంటె, ఇంటిల్లిపాది ముందట పలగ్గొడుతనా?"

"ఎవరికెర్క? పట్టుబడుతదని ముందుగాల నువ్వే కొట్టినవేమో. నా పుతలీలు దొరికేదాక నువ్వు ఈ గడప దాటద్దు."

వాకిట్లో జీపు ఆగిన చప్పుడైంది. పది ఇంకా కాలేదు. ఆఫీసు గుమాస్తా లక్ష్మీరాజం చేతిలో కాగితాల కట్టతో లోపలికి వచ్చి, చాప మీద పరిచిన చీరల్ని, ఆ పక్కన ఏడుస్తున్న ముసలమ్మను చూసి తికమకపడ్డాడు.

"ఇదేందమ్మా, పెట్టె ఇంక సదరలేదా? ఎల్లుండి బొంబాయిల ఇమానం. ఇయ్యాల పట్నం చేరకుంటె కాగితంల రెండో పేరు తయారుగ ఉన్నది. సారు ఒక్క గంట గూడ ఆగడు."

"జర పది నిమిషాలు సారూ," అన్నది అనసూర్య.

"ఐదు," అని ఆయన బయటికి పోయి నిలబడ్డాడు.

అంబదాస్ వంగి ఒక గుండును ఏరి వేళ్ల నడుమ తిప్పాడు. బెజ్జంలో నూలు పోగు ఒకటి ఇంకా చిక్కుకుని ఉంది. "ఇవి వల గుండ్లు గద. వల మునగాలని అంచుకు కడతరు. గోదారి కాడ జాలర్ల దగ్గర దప్ప ఊళ్లె దొరకయి."

గోదారి. గోదారి ఒడ్డునే సోను.

శుక్రవారం పొద్దున్నే లింగమూర్తి సోను పోయాడు. పులుసు ముక్క తింటూ, ఈ మనిషికి ఇన్నాళ్లకు తన మీద కోపం పోయిందని ఆమె సంబరపడింది.

ఆ తలపు రాగానే దాన్ని తోసేసింది. మళ్ళీ వచ్చింది. సోను పోయినవాళ్లు వందమంది ఉంటారు. వల గుండ్లు ఎవరికైనా దొరుకుతాయి. నలభై ఒకే తీరు కాయల్లో తొలిచిన కాయ ఏదో మాత్రం ఎవరికి తెలుస్తుంది?

"పోనియ్యవ్వా," అన్నాడు లింగమూర్తి.

ముగ్గురూ అతని వైపు తిరిగారు.

"జీపు నిలబడ్డది. దాని పయనం ఎందుకు ఆపుతవు? పుతలీలు యాడికి పోతయి, ఇంట్లనే ఉంటయి. నేను పట్నం పోయి దాన్ని సాగనంపి వస్త. వచ్చినంక దేవులాడుదం."

నెలన్నరగా ఎదురుచూసిన మాట అది. తన తరఫున, తల్లి ఎదుట, అందరూ వింటుండగా. అనసూర్య గుండె ఒక్క క్షణం నిండింది.

ఆ మరుక్షణమే చల్లబడింది.

తల్లి గుండెలు బాదుకుంటోంది. తమ్ముడు అరుస్తున్నాడు. ఇంటి బంగారం సీసమైతే ఈ మనిషి ఒక్క గుండునైనా ఎత్తి చూడలేదు. ఎట్లా పోయిందని అడగలేదు. జీపు సంగతి మాత్రం అడుగుతున్నాడు.

పొద్దుటి నుంచి ఆ సంచి భుజం మీద నుంచి దిగలేదు. ఉలి తీయడానికి వంగినప్పుడు కూడా.

"కాంటా ఇంక దించలే గద అంబదాసూ?" అన్నది.

"లేదు. ఎందుకు?"

"నా పెట్టె నాలుగుసార్లు జోకినం. నా మూట గూడ ఇప్పినం. ఈ ఇంట్లకెల్లి ఇయ్యాల రెండు సామాన్లు పయనం పోతున్నయి. ఒక్కటే జోకినం."

శంకరవ్వ ముక్కు చీదడం ఆపింది.

అనసూర్య వెళ్ళి పనిపీట ముందు నిలబడి చెయ్యి చాచింది. "రెండు ధోతులు, తువ్వాల. అంతేనంటివి గద. ఇటియ్యి. జోకుదం."

లింగమూర్తి లేవలేదు. ఉలి పట్టి కాయలు కాసిన అతని వేళ్లు సంచి పట్టీ మీద బిగుసుకున్నాయి.

"అన్నా, ఇయ్యరాదు?" అంబదాస్ గొంతులో ఎగతాళి లేదిప్పుడు. "ఇస్తె ఒడిసిపాయె."

లింగమూర్తి తల్లిని చూడలేదు, తమ్ముణ్ని చూడలేదు. భార్య ముఖంలోకే చూశాడు. ఆమె ఒక్కదానికే వినిపించేంత మెల్లగా అన్నాడు.

"నీ పయనం ఆగొద్దంటె దీన్ని జోకకు అనసూర్యా. నీ కాళ్లు మొక్కుత. దొంగతనం నాది గాదు అంటలేను. ఎందుకు చేసిన్నో తెలిస్తె జీపు ఎక్కేది నువ్వు గాదు, కాగితంల ఆ రెండో పేరు."

బయట జీపు హారన్ మోగింది. ఒకసారి. రెండోసారి.

అనసూర్య చాచిన చెయ్యి దించలేదు.